స్కూలు గుమ్మంలో ఆయుధాల తనిఖీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల నుంచి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి మీద ఉన్నాయి. పిల్లల స్కూళ్లలో పెడుతున్న ఆయుధాల తనిఖీ యంత్రాల గురించి. ఒకే రకం ప్రశ్నలను కలిపి, పేర్లు తీసేసి ఇస్తున్నాం. చట్టం గురించిన జవాబులు సాధారణ సమాచారం మాత్రమే. రాష్ట్రాన్ని బట్టి, స్కూలు డిస్ట్రిక్టును (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే స్థానిక విభాగం) బట్టి నిబంధనలు మారతాయి కాబట్టి మీ స్కూలు ఇచ్చే విద్యార్థి నియమావళిని దగ్గర పెట్టుకుని చదవండి.

ప్రశ్న: మా మనవరాలు అమెరికాలో తొమ్మిదో తరగతి చదువుతోంది. రోజూ పొద్దున్నే స్కూలు గుమ్మంలో ఏదో మిషన్‌లోంచి పంపిస్తారట. ఎక్స్‌రే లాంటిదేమో, రోజూ అందులోంచి వెళ్తే పిల్లకేమన్నా అవుతుందేమోనని బెంగగా ఉంది. (ఒక అమ్మమ్మ, విజయవాడ)

జవాబు: బెంగ పెట్టుకోకండమ్మా. అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర, నీట్ పరీక్ష హాళ్ల దగ్గర మీరు చూసే మెటల్ డిటెక్టర్ జాతిదే అది. స్తంభాల్లో తీగచుట్టలు ఉంటాయి. వాటిలో కరెంటు మారుతూ పారుతుంటే చుట్టూ బలహీనమైన అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. అందులోకి లోహం వస్తే ఆ క్షేత్రం కాస్త చెదురుతుంది. ఆ తేడాను పసిగట్టి మిషన్ మోగుతుంది. ఇందులో ఎక్స్‌రే ఉండదు. ఎక్స్‌రే వాడేది బ్యాగులు పెట్టే బెల్టులో మాత్రమే, అదీ కొన్ని స్కూళ్లలోనే. పిల్లలు బెల్టులోకి చెయ్యి పెట్టకుండా ఉంటే చాలు.

స్కూళ్లలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. మొదటిది పాతకాలపు తలుపుచట్రం రకం. ఇది తాళాలకూ చిల్లరకూ కూడా మోగుతుంది కాబట్టి జేబులు ఖాళీ చేసి, బ్యాగు పక్కన పెట్టి నడవాలి. రెండోది విడివిడిగా నిలబెట్టే రెండు స్తంభాలు. బ్యాగు భుజాన ఉండగానే మధ్యలోంచి నడిచి వెళ్లొచ్చు. తాళాలూ ఫోన్లూ వదిలేసి, తుపాకీ అంతటి లోహాన్ని పట్టేలా దాన్ని సర్ది పెడతారు. మీ మనవరాలు ఆగకుండా నడిచి వెళ్తోందంటే రెండో రకమే అయ్యుంటుంది.

ప్రశ్న: మా పాపను దాదాపు రోజూ ఆపి బ్యాగు వెతుకుతున్నారు. ఇంతవరకు దొరికింది స్టీలు టిఫిన్ డబ్బా, స్టీలు వాటర్ బాటిల్, అంతే. మొదటి పీరియడ్‌కి ఆలస్యమవుతోంది. క్లాసులో పిల్లలు నవ్వుతున్నారని ఏడుస్తోంది. ఏం చెయ్యాలి? (ఒక తల్లి, టెక్సాస్)

జవాబు: మన ఇళ్ల పిల్లలకు ఇది తరచుగా ఎదురయ్యే ఇబ్బందే. కొత్తరకం స్తంభాలు పరిమాణాన్నీ ఆకారాన్నీ లోహపు గుణాన్నీ కలిపి చూసి తుపాకీ గొట్టం లాంటిదాన్ని వెతుకుతాయి. గుండ్రటి స్టీలు బాటిలూ, దాని పక్కన స్టీలు డబ్బా, దానికి ఆనుకుని లాప్‌టాప్ ఉంటే మూడింటి సంకేతాలూ కలిసి ఒకే పెద్ద వస్తువులా కనిపిస్తాయి. బ్యాగు సర్దే తీరు మారిస్తేనే సగం మోతలు తగ్గుతాయి.

డబ్బా అడుగున ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే మోగే అవకాశం ఎక్కువ. ఇండక్షన్ స్టవ్‌కి పనికొచ్చే అడుగున్న గిన్నెలూ డబ్బాలూ ఇలాంటివే. అంటుకోని స్టీలు కొంత నయం, అయినా పూర్తిగా భరోసా లేదు. స్కూలుకి మాత్రం ప్లాస్టిక్ లేదా సిలికోన్ డబ్బా పెట్టడం తేలిక. స్టీలే పెట్టాలనుకుంటే బ్యాగులో కాక విడిగా చేతిసంచీలో పెట్టి, గేటు దగ్గర సంచీని గార్డుకి అందించి నడవమనండి.

లాప్‌టాప్‌ది వేరే సంగతి. క్రోమ్‌బుక్ చాలా స్కూళ్లలో మోతకు పెద్ద కారణం. అందుకే దాన్ని బ్యాగులోంచి తీసి తల మీదుగా ఎత్తి పట్టుకోమనో, పక్క నుంచి గార్డుకి అందించమనో చెబుతారు. అది బ్యాగులో అన్నిటికంటే పైన, జిప్ తియ్యగానే చేతికొచ్చేలా ఉండాలి. మూడు రింగుల ఫైలు, మడత గొడుగు, లోహపు కళ్లజోడు పెట్టె కూడా ఇబ్బంది పెట్టేవే. పట్టీలు, సన్నటి గాజులు, వెండి మొలతాడు కొత్తరకం గేట్లలో సాధారణంగా మోగవు. చట్రం రకంలో మాత్రం మోగుతాయి.

ఒక్కటి తప్పకుండా గుర్తుంచుకోండి. మామిడిపండు కోసుకుంటుందని, యాపిల్ తొక్క తీసుకుంటుందని టిఫిన్‌తో చిన్న చాకు ఎప్పుడూ పెట్టొద్దు. అమ్మ పెట్టిందన్నా నియమావళి దాన్ని ఆయుధంగానే లెక్కవేస్తుంది. పండు ఇంట్లోనే కోసి పంపండి.

ఆలస్యం మాటకొస్తే, తనిఖీ వరుసలో నిలబడ్డ పిల్లకి ఆలస్యపు మార్కు పడకూడదు. ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ పంపి తారీఖులతో సహా అడగండి. గేటు దగ్గరే సమయం రాసిన చీటీ ఇచ్చే పద్ధతి ఉందో లేదో కనుక్కోండి. నవ్వుతున్నారన్న బాధకు మందు కూడా గేటు దగ్గరే ఉంది: సోదా చేసే బల్ల అందరి కళ్ల ముందు కాకుండా ఒక తెర వెనక ఉండాలి. అది అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: మా డిస్ట్రిక్టు భద్రతా కమిటీలో తల్లిదండ్రుల తరఫున నేనున్నాను. ఒక కంపెనీ వాళ్లు వచ్చి, తమ మిషన్‌లో కృత్రిమ మేధ ఉందని, తుపాకులూ కత్తులూ బాంబులూ అన్నీ పట్టేస్తుందని, పిల్లలు ఆగకుండా నడిచిపోవచ్చని ప్రెజెంటేషన్ ఇచ్చారు. వచ్చే నెలలో బోర్డు ఓటు. నేనేం అడగాలి? (ఒక తండ్రి, న్యూజెర్సీ)

జవాబు: ముందుగా న్యూయార్క్ రాష్ట్రంలోని యూటికా సంగతి చదవండి. అక్కడి డిస్ట్రిక్టు 13 స్కూళ్లకు ఎవాల్వ్ కంపెనీ స్కానర్లు దాదాపు 37 లక్షల డాలర్లు పెట్టి కొంది. 2022 అక్టోబరులో ఒక విద్యార్థి 7 అంగుళాల కత్తితో ఆ స్కానర్ దాటి లోపలికి వెళ్లి తోటి విద్యార్థిని పొడిచాడు. తర్వాత సున్నితత్వం పెంచితే, ఉత్తుత్తి మోతలు 50 శాతానికి చేరాయని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వినియోగదారుల్ని మోసం నుంచి కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థ) చెప్పింది. ఆయుధాలన్నీ పడతాయి, మామూలు వస్తువుల్ని వదిలేస్తాయి అన్న ప్రచారానికి ఆధారం లేదని ఆరోపిస్తూ ఆ కమిషన్ 2024 నవంబరులో ఎవాల్వ్ మీద చర్య తీసుకుంది. కొన్ని స్కూళ్లకు ఒప్పందం రద్దు చేసుకునే వీలు కూడా ఆ పరిష్కారంలో పెట్టింది.

సున్నితత్వం పెంచితే చిన్న కత్తీ పడుతుంది, స్టీలు బాటిలూ మోగుతుంది. తగ్గిస్తే వరుస వేగంగా కదులుతుంది, కత్తి జారిపోతుంది. ఏ కంపెనీ మిషనైనా ఈ రెంటి మధ్యే తిరుగుతుంది. ప్రెజెంటేషన్‌లో ఒక చోట ‘ఇన్ని ఆయుధాలు పట్టాం’ అనీ, ఇంకో చోట ‘ఇంత తక్కువ మోత’ అనీ చూపిస్తారు. ఆ రెండు అంకెలూ ఒకే సెట్టింగ్‌లో వచ్చాయా అని అడగండి. మీరు అడగాల్సినవాటిలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

తర్వాత పరీక్ష. పిల్లలు లేని రోజు, పోలీసుల పర్యవేక్షణలో, మీ భవనంలోనే, మీ గుమ్మంలోనే జరగాలి. కంపెనీ తెచ్చిన నమూనాలతో కాదు, పోలీసులు ఇచ్చిన పనిచెయ్యని తుపాకీ నమూనాలతో, రకరకాల పొడవుల కత్తులతో చెయ్యాలి. వస్తువును చీలమండ దగ్గర, నడుము వెనక, చంక కింద, బ్యాగులో లాప్‌టాప్‌కి ఆనించి, పుస్తకాల మధ్య అడ్డంగా, నిలువుగా పెట్టి చూడాలి. ఒక్కో చోట పదిసార్లు నడవండి: కొన్నిసార్లు మెల్లగా, కొన్నిసార్లు వడిగా, మధ్యలోంచి కాకుండా ఒక స్తంభానికి రాసుకుంటూ కూడా. ఎన్నిసార్లు పట్టింది, ఎన్నిసార్లు వదిలింది కాగితం మీద రాయండి. అదే సెట్టింగ్ కదపకుండా, తర్వాత రెండు వారాలు పిల్లలను నిజమైన బ్యాగులతో పంపి మోతల శాతం లెక్కవెయ్యండి. పింగాణీ కత్తిని మెటల్ డిటెక్టర్ పట్టదు, ఆ సంగతి కమిటీకి ముందే తెలియాలి.

కత్తుల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, 2008 నుంచి 2017 దాకా స్కూళ్లలో జరిగిన 41 దాడులను సీక్రెట్ సర్వీస్ (అమెరికా అధ్యక్షుడికి రక్షణ ఇచ్చే సంస్థ) పరిశీలించి 2019లో నివేదిక ఇచ్చింది. వాటిలో 25 తుపాకీతో, 16 కత్తిలాంటి పదునైన ఆయుధాలతో జరిగినవి. తుపాకీని మాత్రమే పట్టే మిషన్ కొంటే కొనండి, కానీ కత్తుల్నీ పడుతుందని తల్లిదండ్రులకు చెప్పకండి.

ఇప్పుడు మనుషుల లెక్క. చాలా డిస్ట్రిక్టులు ఇక్కడే చతికిలబడతాయి. ఉదాహరణకి 1,200 మంది పిల్లలు 25 నిమిషాల్లో వస్తారనుకోండి, నిమిషానికి 48 మంది. వాళ్లలో 20 శాతం మందికి మోగితే నిమిషానికి దాదాపు పదిమందిని పక్కకి తీసి వెతకాలి. ఒక్కొక్కరికి 40 సెకన్లు పట్టినా, నిమిషానికి 384 సెకన్ల పని. అంటే వెతికే బల్లల దగ్గరే ఏడుగురు కావాలి. మోత 5 శాతానికి తగ్గితే ఇద్దరు చాలు. ఏడుగురు కావాల్సిన చోట ఇద్దరినే పెడితే, మూడో వారానికల్లా వాళ్లు బ్యాగు జిప్ తీసి పైన చూసి ‘వెళ్లు’ అనేస్తారు. అది వాళ్ల నిర్లక్ష్యం అనుకోకండి, వెనక వందమంది నిలబడి ఉంటే ఎవరైనా అంతే. మీ స్కూలు అంకెలతో ఈ లెక్క మళ్లీ వేసి బోర్డు ముందు పెట్టండి. మిషన్ ధర పక్కన, ఈ మనుషుల ఏడాది జీతం కూడా అదే పేజీలో కనిపించాలి.

వెతికేవాళ్లు కాకుండా ఒక్కో వరుసకి ఇంకొందరు కావాలి. లాప్‌టాప్ తియ్యమని ముందే చెప్పే మనిషి ఒకరు, మోగిందో లేదో తెర మీద కన్ను తిప్పకుండా చూసే మనిషి ఒకరు. సాయుధ అధికారి కాస్త ఎడంగా నిలబడాలి. ఆయన బ్యాగులు వెతికే పనిలో ఉండకూడదు. నడుముకి తుపాకీ ఉన్న మనిషి, రెండు చేతులూ వెతికే పనిలో ఉండగా, పిల్లల గుంపుకి అంత దగ్గరగా ఉండటమే ఒక ప్రమాదం.

స్థలం సంగతి కూడా చూడండి. స్తంభాలకు మీటరు లోపల ఇనప బల్లలు, కుర్చీలు, చెత్తడబ్బాలు ఉండకూడదు. పక్కనే లోహపు తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే, లిఫ్టు మోటారో నేలలో దట్టంగా ఇనప చువ్వలో ఉంటే ఊరికే మోగుతుంటుంది. రెండు గేట్లు పక్కపక్కన పెడితే వాటి సంకేతాలు ఒకదానికొకటి అడ్డుపడకుండా కంపెనీ సర్దాలి. చట్రం రకాన్ని నేలకు బిగించాలి, కదిలితే రీడింగు మారిపోతుంది. వాన రోజున వరుస ఎక్కడ నిలబడుతుంది? బయట పార్కింగు దాకా సాగితే, లోపల భద్రత కోసం బయట ఒక కొత్త గుంపును తయారు చేసినట్టే. వరుస భవనం లోపలే, వంపులు తిరిగి ఉండాలి.

రోజూ పొద్దున పిల్లలు రాకముందు పరీక్షా వస్తువుతో మూడు ఎత్తుల్లో (చీలమండ, నడుము, తల) నడిచి చూసి, పుస్తకంలో సంతకం పెట్టే నియమం ఉండాలి. ఎవరైనా విసుగొచ్చి సున్నితత్వం తగ్గించారా అన్నది ఇలాగే బయటపడుతుంది. సెట్టింగు మార్చే పాస్‌వర్డు ఒకరిద్దరి దగ్గరే ఉండాలి.

పక్క తలుపులు మర్చిపోకండి. ముందు గుమ్మంలో లక్షల డాలర్ల మిషన్ పెట్టి, జిమ్ వెనక తలుపును రాయి అడ్డంపెట్టి తెరిచి ఉంచే స్కూళ్లు చాలా ఉన్నాయి. ఆలస్యంగా వచ్చేవాళ్లకు, మధ్యాహ్నం బయటికెళ్లి వచ్చేవాళ్లకు, సాయంత్రం ఆటల పోటీలకు ఎవరు తనిఖీ చేస్తారో కూడా రాసి ఉండాలి.

ఒప్పందంలో, పరీక్ష ఫలితాలు ముందే రాసుకున్న అంకెకంటే తగ్గితే రద్దు చేసుకునే హక్కు, సాఫ్ట్‌వేర్ మార్చిన ప్రతిసారీ మళ్లీ పరీక్ష, పిల్లల వీడియోలు ఎన్ని రోజులు ఉంచుతారన్న షరతు పెట్టించండి. నాలుగైదేళ్ల చందా మీద సంతకం పెట్టేముందు ఒక స్కూల్లో ఒక సెమిస్టరు నడిపి చూడటం మేలు.

ప్రశ్న: కెమెరాలే తుపాకీని గుర్తుపట్టేస్తాయట కదా, గుమ్మంలో ఈ వరుసలెందుకు? (ఒక పాఠకుడు, మేరీల్యాండ్)

జవాబు: కెమెరా బయటికి తీసిన తుపాకీనే చూడగలదు. జేబులోనో బ్యాగులోనో ఉన్నది దానికి కనపడదు. తీసినా కెమెరా ఆ కోణంలో ఉండాలి. 2025 జనవరి 22న నాష్‌విల్‌లోని ఆంటియాక్ హైస్కూల్లో కాల్పులు జరిగినప్పుడు అక్కడ ఆమ్నిలర్ట్ అనే తుపాకీ గుర్తించే సాఫ్ట్‌వేర్ ఉంది. కెమెరాలు ఉన్న చోటికి ఆయుధం సరిగా కనిపించక అది పట్టలేకపోయింది.

మీ రాష్ట్రంలోనే, బాల్టిమోర్ కౌంటీలోని కెన్‌వుడ్ హైస్కూల్లో 2025 అక్టోబరులో తలకిందుల సంగతి జరిగింది. ఒక విద్యార్థి చేతిలోని చిప్స్ ప్యాకెట్‌ను తుపాకీ అనుకుని హెచ్చరిక వెళ్లింది. పరిశీలించినవాళ్లు దాన్ని రద్దు చేశారు. ఆ సంగతి తెలియక ప్రిన్సిపాల్ పోలీసు అధికారికి చెప్పారు. పోలీసులు తుపాకులతో వచ్చి ఆ పిల్లవాణ్ణి మోకాళ్ల మీద కూర్చోబెట్టి సంకెళ్లు వేశారు. మిషన్ పొరపాటు క్షణంలో తేలిపోయింది, ఆ మాట మనిషి నుంచి మనిషికి చేరడంలో తప్పిపోయింది. అందుకని ఇలాంటి వ్యవస్థ పెట్టిన స్కూలును ఒక్కటి అడగండి: హెచ్చరిక ‘రద్దు’ అయినప్పుడు ఆ కబురు ఎవరెవరికి, ఎంతసేపట్లో, ఏ దారిన వెళ్తుంది?

ప్రశ్న: మిషన్ మోగితే మా అమ్మాయిని ఒంటి మీద చెయ్యి వేసి తడుముతారా? వద్దనొచ్చా? (ఒక తల్లి, జార్జియా)

జవాబు: అందరికీ ఒకే తీరుగా జరిగే గేటు తనిఖీని కోర్టులు సాధారణంగా ఒప్పుకున్నాయి. అక్కడి నుంచి ముందుకెళ్లి ఒక పిల్లను ప్రత్యేకంగా వెతకాలంటే, 1985లో న్యూజెర్సీ వర్సెస్ టీ.ఎల్.వో. కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన కొలత వర్తిస్తుంది. స్కూలువాళ్లకు వారెంటు అక్కర్లేదు, సబబైన అనుమానం ఉంటే చాలు. అయితే వెతికే తీరు పిల్లల వయసుకీ, ఆడపిల్లా మగపిల్లాడా అన్నదానికీ, అనుమానించిన తప్పు తీవ్రతకీ తగ్గట్టు ఉండాలి. 2009లో శాఫర్డ్ కేసులో, నొప్పి మాత్రల కోసం 13 ఏళ్ల అమ్మాయిని లోదుస్తుల దాకా వెతకడం రాజ్యాంగ విరుద్ధమని అదే కోర్టు తేల్చింది.

సరైన వరుస ఇలా ఉంటుంది: మోగితే ముందు బ్యాగు లేకుండా మళ్లీ నడవమంటారు. ఇంకా మోగితే చేతి డిటెక్టర్‌ను ఒంటికి తాకకుండా రెండు మూడు అంగుళాల ఎడంగా తిప్పుతారు. ఇది ఆడపిల్లలకు ఆడవాళ్లే, పెద్దవాళ్లు ఇంకొకరు సాక్షిగా ఉండగా చెయ్యాలి. బెల్టు బకిల్, లోదుస్తుల తీగ దగ్గర బీప్ వస్తే, అదేమిటో పిల్ల చెబుతుంది. బట్టలు తియ్యమనడం ఇందులో లేదు. బ్యాగు పిల్ల ఎదురుగానే తెరవాలి. ఫోన్ మోగిందని దాన్ని తెరిచి మెసేజీలు చదవడానికి ఈ తనిఖీ సాకు కాదు.

వద్దంటే చాలా స్కూళ్లు లోపలికి రానివ్వవు, ఇంటికి ఫోన్ చేస్తాయి. అక్కడ వాదించి పెనుగులాడవద్దని, ‘నాకిది ఇష్టం లేదు, మా అమ్మకి ఫోన్ చెయ్యండి’ అని నిదానంగా చెప్పమని అమ్మాయికి నేర్పండి. కొందరినే ఏరి ఆపుతున్నారనిపిస్తే, ఎవరిని ఆపాలో నిర్ణయించే రాత నియమం (ప్రతి ఐదో విద్యార్థి లాంటిది) చూపించమని అడగండి. లాస్ ఏంజిలెస్ డిస్ట్రిక్టు ఏళ్ల తరబడి నడిపిన యాదృచ్ఛిక తనిఖీలను ఆపెయ్యాలని 2019లో బోర్డు ఓటు వేసింది. కొందరు పిల్లలే మళ్లీ మళ్లీ బలవుతున్నారన్న ఫిర్యాదు అందులో ప్రధానం.

ప్రశ్న: మా బాబుకి టైప్ 1 షుగర్, ఇన్సులిన్ పంపు ఉంది. గేటు దాటొచ్చా? (ఒక తండ్రి, నార్త్ కరోలినా)

జవాబు: చాలా పంపులు, గ్లూకోజ్ సెన్సర్లు మామూలు మెటల్ డిటెక్టర్ గేటు తట్టుకుంటాయి. ఎక్స్‌రే బెల్టులోకి మాత్రం పంపొద్దని తయారీదారులు చెబుతారు, కాబట్టి స్పేర్ సెన్సర్లు ఉన్న సంచీ చేత్తో వెతికించండి. మీ మోడల్ మాన్యువల్‌లో ఆ పేజీ ఫోటో తీసి డాక్టరు ఉత్తరంతో కలిపి స్కూలు నర్సుకి ఇవ్వండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు గేటులో ఆగకుండా నడిచిపోవాలి, చేతి డిటెక్టర్‌ను ఛాతీ మీద నిలిపి ఉంచనివ్వకూడదు. కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్న పిల్లలకు గేటులో చెవిలో వింత శబ్దం రావొచ్చు. ఇవన్నీ 504 ప్లాన్‌లో (ఆరోగ్య సమస్య ఉన్న పిల్లలకు స్కూలు రాసిచ్చే సదుపాయాల పత్రం) రాయించండి. నోటిమాటగా ఒప్పుకున్న గార్డు రేపు సెలవులో ఉండొచ్చు.

ప్రశ్న: క్యాంపింగ్ వెళ్లొచ్చాక మా అబ్బాయి బ్యాగు అడుగున మడత చాకు ఉండిపోయింది. గేటు దగ్గర దొరికింది. సస్పెండ్ చేశారు, బహిష్కరణ విచారణ అంటున్నారు. మేం హెచ్1బీ మీద ఉన్నాం. (ఒక తల్లి, ఇలినాయ్)

జవాబు: ముందు కాగితాలు. సస్పెన్షన్ నోటీసు, నియమావళిలో వర్తింపజేసిన నిబంధన నంబరు, చాకు ఫోటో, బ్లేడు కొలత అడిగి తీసుకోండి. 1975 నాటి గాస్ వర్సెస్ లోపెజ్ తీర్పు ప్రకారం, పది రోజుల లోపు సస్పెన్షన్‌కి కూడా ఆరోపణ ఏమిటో చెప్పి, పిల్లవాడి మాట వినాలి. బహిష్కరణకు అంతకంటే గట్టి విచారణ ఉండాలి. కంగారులో పిల్లవాడి చేత ‘తప్పయిపోయింది’ అని పెద్ద వాంగ్మూలం రాయించకండి. పోలీసులు ప్రశ్నిస్తే అమ్మానాన్నలూ లాయరూ కావాలని అడగొచ్చని చెప్పండి.

ఏడాది బహిష్కరణ గురించి భయపెట్టే ఫెడరల్ చట్టం, 1994 నాటి గన్ ఫ్రీ స్కూల్స్ యాక్ట్, తుపాకీ లాంటి మారణాయుధాల గురించింది. మడత చాకుకి మీ రాష్ట్ర, డిస్ట్రిక్టు నియమాలే వర్తిస్తాయి, వాటిలో పరిస్థితిని బట్టి తగ్గించే వెసులుబాటు తరచుగా ఉంటుంది. బాబుకి ఐఈపీ (వైకల్యం ఉన్న పిల్లలకు స్కూలు రాసే ప్రత్యేక బోధన ప్రణాళిక) ఉంటే, ఆ ప్రవర్తన వైకల్యం వల్ల కలిగిందా అన్న సమీక్ష పది స్కూలు రోజుల లోపు జరగాలి. ఆయుధం పేరుతో 45 స్కూలు రోజులు వేరే చోటికి మార్చే అధికారం స్కూలుకి ఉంది గానీ, రెండున్నర అంగుళాల లోపు బ్లేడున్న జేబుచాకు ఆ నిర్వచనంలోకి రాదు. అందుకే బ్లేడు కొలత అడగమన్నాం.

క్యాంపింగ్ ఫోటోలు, రసీదులు, టీచర్ల ఉత్తరాలు విచారణకు తీసుకెళ్లండి. కేసు పోలీసుల దాకా వెళ్తే, ఏ ఒప్పందానికైనా తలూపే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో కూడా మాట్లాడండి.

మిగతా పాఠకులు పిల్లలకు ఇది చెప్పి ఉంచండి: గేటు చేరేలోపు బ్యాగులో చాకు కనబడితే దాచొద్దు, విసిరెయ్యొద్దు, స్నేహితుడికి ఇవ్వొద్దు. వెనక్కి వచ్చి ఇంటికి ఫోన్ చెయ్యాలి. లోపలికెళ్లాక చూస్తే, ఎవరూ వెతకకముందే ఒక టీచరుకి తానే చెప్పాలి. తానుగా చెప్పినదానికీ పట్టుబడినదానికీ విచారణలో చాలా తేడా ఉంటుంది.

ప్రశ్న: ఇన్ని పెట్టినా కాల్పులు ఆగుతాయా? నిజం చెప్పండి. (పలువురు)

జవాబు: గొడవపడి, భయపడి, గొప్పకి ఆయుధం తెచ్చే పిల్లల్ని గేటు బాగా అడ్డుకుంటుంది. అలాంటివాళ్లే ఎక్కువ కాబట్టి అది చిన్న లాభం కాదు. చావడానికి సిద్ధపడి, కాలుస్తూ వచ్చేవాణ్ణి మాత్రం ఆపలేదు. 2005 మార్చిలో మిన్నెసోటాలోని రెడ్ లేక్ హైస్కూల్లో మెటల్ డిటెక్టర్ ఉంది. దాడిచేసినవాడు ఆ గుమ్మంలోనే నిరాయుధ గార్డును చంపి లోపలికెళ్లాడు.

వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో 2023 జనవరి 6న ఆరేళ్ల పిల్లవాడు టీచరును కాల్చాడు. వాడి దగ్గర తుపాకీ ఉందని ఆ రోజే పెద్దలకు చెప్పారు, బ్యాగు వెతికారు, జేబులు చూడలేదు. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 2021 నవంబరు 30న, పిల్లవాడు గీసిన తుపాకీ బొమ్మ చూసి తల్లిదండ్రులను పిలిపించారు, ఎవరూ బ్యాగు తెరవలేదు. ఆ మధ్యాహ్నం నలుగురు పిల్లలు చనిపోయారు. తుపాకీ నాలుగు రోజుల ముందు తండ్రి కొన్నది. 2024లో ఆ తల్లికీ తండ్రికీ చెరో పది నుంచి పదిహేనేళ్ల శిక్ష పడింది. ఈ రెండు చోట్లా ముందుగా కబురు అందింది. ఆ కబురు మీద ఎవరూ చివరిదాకా నడవలేదు.

2002లో 37 ఘటనల మీద వచ్చిన సీక్రెట్ సర్వీస్ అధ్యయనంలో, 81 శాతం చోట్ల కనీసం ఒకరికి ముందే తెలుసు. ఎక్కువగా ఆ తెలిసినవాళ్లు తోటి పిల్లలే. కొలరాడోలో సేఫ్2టెల్, పెన్సిల్వేనియాలో సేఫ్2సే సమ్‌థింగ్ లాంటి పేరు చెప్పకుండా కబురు పంపే లైన్లు అందుకే ఉన్నాయి. మీ రాష్ట్రపు లైను నంబరు పిల్లల ఫోన్‌లో పెట్టండి. ‘చాడీలు చెప్పకూడదు’ అని మనం చిన్నప్పటి నుంచి చెప్పే మాటకు ఇది మినహాయింపని విడమరిచి చెప్పండి.

సీక్రెట్ సర్వీస్ 2019 నివేదికలో తుపాకీతో దాడి చేసినవాళ్లలో మూడొంతుల మందికి అది దొరికింది తల్లిదండ్రుల ఇంట్లోనో దగ్గరి బంధువుల ఇంట్లోనో. మన తెలుగువాళ్లలో కూడా గ్రీన్‌కార్డూ పౌరసత్వమూ వచ్చాక తుపాకీ కొంటున్నవాళ్లున్నారు. హెచ్1బీ, హెచ్4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. ఫ్రెండు దాచమన్నా తీసుకోకండి. ఉన్నవాళ్లు గుళ్లు తీసేసి, తుపాకీ ఒక తాళంలో, గుళ్లు ఇంకో తాళంలో ఉంచండి. అలమరా పైఅర దాచే చోటు కాదు, పిల్లలకు అది పదేళ్లప్పుడే తెలుస్తుంది. తాళం కోడు పుట్టినరోజు పెట్టకండి. పిల్లల్ని ఎవరింటికైనా రాత్రి పడుకోవడానికి పంపేటప్పుడు, వేరుశనగ ఎలర్జీ గురించి చెప్పే ఫోన్‌లోనే, ‘మీ ఇంట్లో గన్ ఉందా, తాళం వేసి ఉందా’ అని కూడా అడగండి.